పన్ను తిరిగి సాకెట్‌లో పెట్టేటప్పుడు పీఆర్ఎఫ్ వాడటం ఎలా?

హౌస్ సర్జన్సీ ముగించి కొత్తగా క్లినిక్ పెట్టిన డాక్టర్ల నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్న ఇది: "ఊడిన పన్ను తిరిగి పెడుతున్నాం, పేషెంటు రక్తంతోనే చేసిన పీఆర్ఎఫ్ కూడా పెడితే బాగా అతుక్కుంటుందా? ఎలా పెట్టాలి?" రక్తాన్ని వేగంగా తిప్పే మెషీన్, అంటే సెంట్రిఫ్యూజ్ కొన్నవాళ్ళు ఇంకా ఎక్కువగా అడుగుతారు. పీఆర్ఎఫ్ (ప్లేట్‌లెట్ రిచ్ ఫైబ్రిన్, రక్తాన్ని తిప్పితే వచ్చే జెల్లు లాంటి గడ్డ) తీయడం ఎవరికైనా త్వరగానే వస్తుంది. ఎప్పుడు వాడాలో, ఎప్పుడు దాని జోలికి పోకూడదో తేల్చుకోవడం దగ్గరే పేషెంటుకు లాభమో నష్టమో తేలిపోతుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

మీరు డాక్టరు కాకపోతే, ఇంట్లో పిల్లవాడి పన్ను ఊడి కంగారులో ఇది చదువుతుంటే, మీకు కావలసింది ఇంతే. శాశ్వత పన్ను అయితే తెల్లగా కనిపించే పైభాగాన్ని పట్టుకోండి, వేరును తాకొద్దు. మట్టి అంటితే పాలతోనో సెలైన్‌తోనో ఒకసారి కడిగి, వీలైతే అక్కడికక్కడే దాని గుంటలో పెట్టి శుభ్రమైన గుడ్డను కొరికి పట్టుకోమనండి. వీలు కాకపోతే పాలలో వేసుకుని వెంటనే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మంచినీళ్ళలో వేయొద్దు, కాగితంలో చుట్టి జేబులో పెట్టొద్దు. పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు, డాక్టరుకు చూపిస్తే చాలు. మిగతాదంతా డాక్టర్ల కోసం.

ముందు తేల్చుకోవలసింది: ఈ కేసులో అవసరమా?

పన్ను మళ్ళీ నిలబడాలంటే వేరు మీద ఉన్న పీడీఎల్ (వేరును ఎముకకు పట్టి ఉంచే పొర) కణాలు బతికి ఉండాలి. అవి పోయాక ఏ రక్తపు జెల్లూ వాటిని బతికించలేదు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా నిర్ణయాలు సులువు.

పన్ను ఊడిన కొద్దిసేపటికే వచ్చారు, లేదా పాలలో వేసుకుని తెచ్చారు: పీఆర్ఎఫ్ మర్చిపోండి. సాకెట్‌ను (పన్ను గుంటను) సెలైన్‌తో కడిగి పన్ను వెంటనే లోపల పెట్టండి. రక్తం తీసి, పన్నెండు నిమిషాలు తిప్పి, క్లాట్ (గడ్డ) నొక్కి తయారు చేసేలోపు పీడీఎల్ కణాలు బయటే ఉండిపోతాయి. మంచి చేయబోయి చెడు చేయడం అంటే ఇదే.

పన్ను గంటకు పైగా పొడిగా ఉండిపోయింది: పీడీఎల్ దాదాపు పోయినట్టే. అయినా పన్ను తిరిగి పెట్టడం మంచిదే. పిల్లలకు ముందు పన్ను కనిపిస్తుంది, ఎముక ఎత్తు కొంతకాలం నిలుస్తుంది. ఇక్కడ హడావుడి లేదు కాబట్టి పీఆర్ఎఫ్ వాడే అవకాశం ఉంది. కానీ దాని వల్ల చిగురు, సాకెట్ త్వరగా మానవచ్చని ఆశించాలి తప్ప ఆంకిలోసిస్ (వేరు నేరుగా ఎముకకు అతుక్కుపోవడం) ఆగిపోతుందని తల్లిదండ్రులకు మాట ఇవ్వొద్దు.

కావాలని పన్ను తీసి తిరిగి పెట్టే ఇంటెన్షనల్ రీప్లాంటేషన్: నా అభిప్రాయంలో పీఆర్ఎఫ్‌కు సరైన చోటు ఇదే. రూట్ కెనాల్ విఫలమై, మళ్ళీ చేయడం కుదరక, ఆపికల్ సర్జరీకి (వేరు కొనకు చేసే ఆపరేషన్‌కు) అందని కింది రెండో దవడపన్ను లాంటివి. సమయం మీ చేతిలో ఉంటుంది. రక్తం ముందే తీసి, క్లాట్ తయారయ్యాకే పన్ను కదపొచ్చు.

వేరు కొన ఇంకా మూసుకోని పిల్లల పన్ను: తిరిగి పెట్టిన రోజున పీఆర్ఎఫ్ అక్కర్లేదు. తర్వాత పల్ప్ (పన్ను లోపలి నరం, రక్తనాళాలు) చచ్చిపోతే అప్పుడు కెనాల్‌లో వాడొచ్చు. దాని గురించి చివర్లో రాశాను.

ఇంకో సంగతి. ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఆఫ్ డెంటల్ ట్రామటాలజీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఊడిన పన్నుకు చేయాల్సిన పనుల్లో పీఆర్ఎఫ్ లేదు. దీనికి ఆధారంగా ఉన్నవి ఎక్కువగా కేసు రిపోర్టులు, జంతువుల మీద చేసిన పరీక్షలు, చిన్న అధ్యయనాలు. పేషెంటుకు ఈ మాట చెప్పే మొదలుపెట్టండి.

పీఆర్‌పీనా, పీఆర్ఎఫ్‌నా?

చిన్న క్లినిక్‌కు పీఆర్ఎఫ్ చాలు. పీఆర్‌పీకి (ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ప్లాస్మాకు) రక్తం గడ్డకట్టకుండా మందు కలపాలి, రెండుసార్లు తిప్పాలి, మళ్ళీ కాల్షియం క్లోరైడో త్రాంబినో వేసి గడ్డకట్టించాలి. ఫ్రాన్స్‌లో జోసెఫ్ షుక్రూన్ బృందం 2001లో చెప్పిన పీఆర్ఎఫ్‌లో ఇవేవీ లేవు. ఏమీ కలపని రక్తం, ఒక్కసారి తిప్పడం, అంతే. గాజు గోడ తగిలి రక్తం తనంతట తానే గడ్డకడుతుంది. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు ఆ ఫైబ్రిన్ వలలో చిక్కుకుని, మానడానికి తోడ్పడే గ్రోత్ ఫ్యాక్టర్లను కొన్ని రోజుల పాటు మెల్లగా వదులుతాయి. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

కావలసినవి

- రేడియస్ ఎంతో తెలిసిన టేబుల్‌టాప్ సెంట్రిఫ్యూజ్
- ఏ మందూ, ఏ జెల్లూ లేని 10 మి.లీ. గాజు ట్యూబులు
- 21 గేజ్ బటర్‌ఫ్లై సూది (పిల్లలకైతే 23), టూర్నికే, స్పిరిట్ దూది
- పీఆర్ఎఫ్ బాక్స్. లేకపోతే రెండు స్టెరైల్ గాజు పలకలు, స్టెరైల్ గాజ్ (కట్టు గుడ్డ)
- చిన్న కత్తెర, పళ్ళు లేని ట్వీజర్లు
- స్టెరైల్ సెలైన్ ధారాళంగా
- స్ప్లింట్‌కు (పన్నును పక్క పళ్ళకు కలిపి పట్టే తీగ కట్టుకు) 0.4 మి.మీ. మించని స్టీలు తీగ, కాంపోజిట్
- ఇంటెన్షనల్ కేసు అయితే వేరును మూసే సిమెంటు, అంటే ఎంటీఏ లేదా బయోసెరామిక్ పుట్టీ, అల్ట్రాసోనిక్ టిప్, సన్నటి బర్

ట్యూబుల దగ్గర మోసపోవద్దు. ల్యాబ్ నుంచి తెప్పించుకుంటే కుర్రాడు చేతికందినవి పట్టుకొస్తాడు. ఊదా మూత ఉన్నది ఈడీటీఏ, నీలం మూత ఉన్నది సిట్రేట్. రెండింట్లోనూ రక్తం గడ్డకట్టదు. పసుపు మూతవాటిలో జెల్ ఉంటుంది, అది పన్ను గుంటలోకి పోవాల్సింది కాదు. ఎర్ర మూత చూసి కూడా నిశ్చింతగా ఉండొద్దు. వాటిలో చాలావరకు లోపల సిలికా పూసిన ప్లాస్టిక్ ట్యూబులు. క్లాట్ వస్తుంది కానీ సిలికా రేణువులు దానితో పాటు వచ్చే ప్రమాదం ఉంది. లేబుల్ చదివి, గాజువే తీసుకోండి.

పని రోజుకు ముందే చేసుకోవలసిన లెక్క

"2700 ఆర్‌పీఎం, 12 నిమిషాలు" అని అందరూ కంఠతా చెబుతారు. మీ మెషీన్‌లో ఆ అంకెకు అర్థం వేరు కావచ్చు. రక్తం మీద పడే బలం ఆర్‌పీఎం ఒక్కదాని మీద కాదు, రేడియస్ మీద కూడా ఆధారపడుతుంది. లెక్క ఇది: బలం = 0.00001118 × రేడియస్ సెంటీమీటర్లలో × ఆర్‌పీఎం × ఆర్‌పీఎం.

ట్యూబు అడుగు వరకు రేడియస్ 8 సెం.మీ. ఉన్న మెషీన్‌లో 2700 దగ్గర సుమారు 650 జీ (భూమి ఆకర్షణకు 650 రెట్ల బలం) వస్తుంది. 11 సెం.మీ. ఉన్న పెద్ద మెషీన్‌లో అదే 2700కి దాదాపు 900 జీ. ఆ బలానికి కణాలు ఎక్కువగా అడుగుకు తోసుకుపోతాయి, పైన మిగిలే క్లాట్‌లో సరుకు తగ్గుతుంది. పెద్ద మెషీన్‌లో 650 జీ కావాలంటే 2300 దగ్గర పెట్టాలి. ఒకసారి స్కేలుతో కొలిచి, లెక్క కట్టి, మెషీన్ మూత మీద చీటీ అంటించండి. తక్కువ వేగంతో తిప్పే ఏ-పీఆర్ఎఫ్ పద్ధతులు కూడా ఉన్నాయి. మొదట ఒక పద్ధతి మీద చెయ్యి కుదిరాక వాటి వైపు చూడండి.

పని మొదలు: ఇంటెన్షనల్ కేసులో వరుస

1. మందుల గురించి అడగండి. "ఏమైనా మందులు వాడుతున్నారా" అంటే చాలామంది లేదంటారు. "గుండెకు, రక్తం పల్చబడటానికి రోజూ ఏదైనా బిళ్ళ వేసుకుంటున్నారా" అని అడిగితే ఆస్పిరిన్, వార్ఫరిన్ బయటికొస్తాయి. ఇవి వాడేవాళ్ళలో క్లాట్ చిన్నగా రావచ్చు, అసలు రాకపోవచ్చు. కేవలం పీఆర్ఎఫ్ కోసం వాటిని ఆపించొద్దు.

2. అనుమతి కాగితం రాయించండి. రక్తం తీయడం, పన్ను తీయడం, తీసేటప్పుడు పన్ను విరిగే అవకాశం, మూడూ అందులో ఉండాలి. పిల్లల విషయంలో "మా రక్తం తీసుకోండి డాక్టర్ గారూ, బాబుకు వద్దు" అనే తల్లులుంటారు. కుదరదని నెమ్మదిగా చెప్పండి. పేషెంటు సొంత రక్తమే వాడాలి. పిల్లలకు ఒక్క ట్యూబు చాలు. మరీ భయపడితే పీఆర్ఎఫ్ మానేయండి, పన్ను పని ఆగాల్సిన అవసరం లేదు.

3. రక్తం తీయడానికి చెయ్యి తిరిగినవాళ్ళను పెట్టుకోండి. మీకు అలవాటు లేకపోతే పక్క ల్యాబ్ టెక్నీషియన్‌ను ముందే పిలిపించి కూర్చోబెట్టండి. నాలుగుసార్లు గుచ్చి చుక్కచుక్కగా తీసిన రక్తం ట్యూబులోకి రాకముందే గడ్డకట్టడం మొదలుపెడుతుంది.

4. ట్యూబు నిండగానే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టండి. నిమిషం దాటనివ్వొద్దు, ఎంత పొడిగించినా ఒకటిన్నర నిమిషం. ఎదురుగా అంతే బరువున్న ట్యూబు ఉండాలి. రెండోది రక్తం కాకపోతే నీళ్ళు పోసి తూకం సరిచూడండి. మెషీన్ దడదడలాడితే ఆపేయండి, ఆ కుదుపుకు క్లాట్ చెదిరిపోతుంది.

5. 12 నిమిషాలు తిరిగాక ట్యూబును స్టాండులో నిటారుగా పెట్టి మూత తీసి చూడండి. పైన పల్చని పసుపు ద్రవం, మధ్యలో గట్టి పసుపు క్లాట్, అడుగున ఎర్రకణాలు కనిపించాలి. ఇది కంటితో చూశాకే పన్ను కదపడం మొదలుపెట్టండి. క్లాట్ రాకపోతే ఇంకోసారి రక్తం తీయొచ్చు, లేదా పీఆర్ఎఫ్ లేకుండానే పని కానివ్వొచ్చు. పన్ను బయటపెట్టుకుని క్లాట్ కోసం ఎదురుచూసే పరిస్థితి రాకూడదు.

6. క్లాట్‌ను ట్వీజర్లతో మెల్లగా బయటికి తీసి, ఎర్ర భాగాన్ని కత్తిరించండి. పసుపుకు ఆనుకుని ఒకటి రెండు మి.మీ. ఎరుపు ఉంచండి. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు ఎక్కువగా ఉండేది ఆ సరిహద్దులోనే. "శుభ్రంగా" కనిపించాలని ఆ ఎరుపంతా గీకేస్తే మిగిలేది ఖాళీ ఫైబ్రిన్.

7. పీఆర్ఎఫ్ బాక్సులో పెట్టి దాని మూత బరువుతోనే నొక్కనివ్వండి. గాజ్ మధ్య గట్టిగా పిండితే మెంబ్రేన్ (నొక్కిన క్లాట్ పొర) ఎండిపోతుంది. మీగడ తరకలా తడిగా, లాగితే కొంచెం సాగేలా ఉండాలి. బాక్సు అడుగున చేరిన ద్రవాన్ని పారబోయకుండా సిరంజిలోకి తీసుకోండి.

8. ఇప్పుడు పన్ను తీయండి. ఫోర్సెప్స్ ముక్కులు వేరు మీదికి జారకుండా క్రౌన్ (పన్ను పైభాగం) మీదే ఆగాలి. ఎలివేటర్ వాడకం ఎంత తగ్గితే అంత మంచిది. తీసినప్పటి నుంచి ఒకరు గడియారం చూస్తూ నిమిషాలు పైకి చెప్పాలి. 15 నిమిషాల్లోపు పన్ను లోపల ఉండాలి.

9. పన్నును క్రౌన్ దగ్గర పట్టుకుని, సెలైన్ ధార ఆగకుండా పోస్తూ వేరు కొన 3 మి.మీ. కోయండి. చిన్న గుంట చేసి ఎంటీఏతోనో పుట్టీతోనో మూయండి. పగులు ఉందేమో ఇప్పుడే చూడండి. నిలువు పగులు కనబడితే ఆపేయండి, ఆ పన్ను తిరిగి పెట్టి లాభం లేదు.

10. సాకెట్‌ను సెలైన్‌తో కడగండి. కొన దగ్గర గ్రాన్యులేషన్ (ఇన్ఫెక్షన్ వల్ల పెరిగిన మెత్తటి కండ) ఉంటే అంతవరకే తీయండి. గోడలను క్యూరెట్‌తో గీకొద్దు, అక్కడా పీడీఎల్ మిగిలి ఉంటుంది.

11. పీఆర్ఎఫ్ పెట్టడం. సిరంజిలోని ద్రవంతో వేరును, సాకెట్‌ను తడపండి. కొన దగ్గర ఎముక పోయి గుంట పడి ఉంటే ఆ గుంటలో మాత్రం చిన్న ముక్కలు వేయండి. మిగిలిన మెంబ్రేన్‌ను చిగురు చిరిగిన చోట అంచు కింద దూర్చి కుట్టు వేయొచ్చు.

12. వేలితో మెల్లగా నొక్కి పన్నును స్థానంలోకి దించండి. పూర్తిగా దిగకపోతే బలవంతం చేయొద్దు. పన్ను బయటికి తీసి, పీఆర్ఎఫ్ తగ్గించి మళ్ళీ పెట్టండి. నేను చూసిన పొరపాట్లలో తరచుగా కనిపించేది ఇదే: ఖర్చుపెట్టి తయారుచేశాం కదా అని మెంబ్రేన్ మొత్తం కుక్కడం. పన్ను ఒక మి.మీ. ఎత్తులో నిలుస్తుంది, కొరికిన ప్రతిసారీ దెబ్బ తగులుతుంది, రెండు వారాలకే వదులైపోతుంది.

13. కాటు సరిచూసి, ఎక్స్‌రే తీసి, కదలిక ఉన్న పన్నుకు మెత్తటి స్ప్లింట్ రెండు వారాలు వేయండి. లావు తీగతో బిగించేస్తే పన్ను కదలదు, కదలని పన్ను ఎముకకు అతుక్కుపోయే అవకాశం పెరుగుతుంది. క్లోర్‌హెక్సిడిన్ రోజుకు రెండుసార్లు, మెత్తటి బ్రష్, రెండు వారాలు మెత్తటి తిండి. "మెత్తటివి తినండి" అని వదిలేయకుండా పెరుగన్నం, ఇడ్లీ, పప్పన్నం అని పేర్లు పెట్టి చెప్పండి. జంతికలు, చెరకు ముక్కలు వద్దని కూడా చెప్పండి.

14. వాడిన సూది తెల్ల డబ్బాలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో, బటర్‌ఫ్లై గొట్టం ఎర్ర సంచిలో, గాజు ట్యూబులు నీలం డబ్బాలో వేయండి. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు మీ చిన్న క్లినిక్‌కు కూడా వర్తిస్తాయి.

దెబ్బ తగిలి ఊడి, పొడిగా ఉండిపోయిన పన్ను అయితే వరుస కొంచెం మారుతుంది. వేరు కొన కోయడం ఉండదు. వేరుకు అంటిన మురికిని, వేలాడే చచ్చిన కణజాలాన్ని సెలైన్‌లో తడిపిన గాజ్‌తో తుడిచి పెట్టండి. ఎముక గోడ విరిగి ఉంటే స్ప్లింట్ నాలుగు వారాలు. కొన మూసుకున్న పన్నుకు రూట్ కెనాల్ రెండు వారాల్లోపు మొదలుకావాలి. చాలామంది పీఆర్ఎఫ్ పెట్టామన్న ధైర్యంతో దీన్ని వాయిదా వేస్తారు. అలా వదిలేసిన పన్నులో చచ్చిన పల్ప్ నుంచి ఇన్ఫెక్షన్ బయటికి పాకి, కొన్ని నెలల్లోనే వేరును కరిగించేస్తుంది. టీటీ ఎప్పుడు వేయించారో అడగండి. యాంటీబయోటిక్ అమాక్సిసిలిన్ సరిపోతుంది, పెన్సిలిన్ పడనివాళ్ళకు వేరేది. 12 ఏళ్ళలోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ రాస్తే పళ్ళకు మచ్చ పడే ప్రమాదం ఉండొచ్చని గుర్తుంచుకోండి.

క్లాట్ సరిగా రాకపోతే

ట్యూబులో అంతా ద్రవంగానే ఉంటే మొదట ట్యూబు లేబుల్ చూడండి, ఈడీటీఏ కావచ్చు. లేబుల్ సరిగానే ఉంటే పేషెంటు మందుల సంగతి మళ్ళీ అడగండి. క్లాట్ చిన్నగా, చిరిగినట్టు వస్తే రక్తం తీయడం నెమ్మదైంది లేదా మెషీన్ కుదిపింది. ఏసీ బాగా చల్లగా పెట్టిన గదిలో, చల్లటి ట్యూబుల్లో కూడా క్లాట్ చిన్నదవుతుంది, ట్యూబులను గది వేడిమిలో ఉంచండి. ఎర్రటి ముద్ద మొత్తం కలిసిపోయి వస్తే తిప్పడానికి ముందే గడ్డకట్టేసిందని అర్థం, దాన్ని వాడొద్దు. తయారైన మెంబ్రేన్‌ను కూడా ఆ పూటే, రెండు గంటల్లోపు వాడేయండి. ఫ్రిజ్‌లో దాచి మరుసటి రోజు పెట్టేది కాదు ఇది.

కొన మూసుకోని పన్ను

ఏడు, ఎనిమిదేళ్ళ పిల్లల ముందు పన్ను తిరిగి పెట్టాక దానికదే రక్త ప్రసరణ తెచ్చుకునే అవకాశం ఉంది. అందుకే వెంటనే కెనాల్ తెరవొద్దు. వాపు, చీము, ఎక్స్‌రేలో కొన దగ్గర నలుపు, వేరు కరగడం వంటివి కనిపిస్తేనే తెరవాలి. కెనాల్‌ను పల్చటి హైపోక్లోరైట్‌తో శుభ్రం చేసి కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి పంపండి. కొన్ని వారాల తర్వాత లక్షణాలు తగ్గితే 17 శాతం ఈడీటీఏతో కడిగి, ఫైల్‌తో కొన దాటి గీరి రక్తం రప్పించడం మామూలు పద్ధతి. రక్తం సరిగా రానప్పుడు పీఆర్ఎఫ్ ముక్కలను ప్లగ్గర్‌తో కెనాల్‌లో నింపి, పైన 3 మి.మీ. ఎంటీఏ, ఆపైన కాంపోజిట్ వేయండి. ముందు పంటికి మామూలు బూడిదరంగు ఎంటీఏ వాడితే పన్ను నల్లబడుతుంది, రంగు మార్చని బయోసెరామిక్ ఎంచుకోండి.

పని చేసిందో లేదో చూడటం

మొదటి వారంలో చిగురు గులాబీరంగులో చక్కగా మూసుకుంటే సంతోషమే, కానీ వేరు గురించి అది ఏమీ చెప్పదు. అసలు పరీక్ష నెలల తర్వాతే.

స్ప్లింట్ తీసే రెండు వారాలకు, 4 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు, ఏడాదికి, ఆపైన కనీసం అయిదేళ్ళు ఏటా చూడండి. కొన మూసుకోని పన్ను అయితే రెండో నెలలో కూడా ఒకసారి పిలవండి. ప్రతిసారీ అద్దం పిడితో పక్క పన్ను మీద, ఈ పన్ను మీద తట్టి వినండి. ఖణేల్‌మని లోహం మీద తట్టినట్టు వినిపిస్తే, కదలిక బొత్తిగా లేకపోతే ఆంకిలోసిస్. ఎక్స్‌రేలో వేరు చుట్టూ సన్నటి నల్లగీత కొనసాగుతుంటే పీడీఎల్ ఉన్నట్టు. గీత మాయమై ఎముక వేరులోకి వచ్చేస్తుంటే లేనట్టు. వేరు పక్కన గిన్నె ఆకారంలో తొలిచినట్టు, ఎదురుగా ఎముకలోనూ నలుపు ఉంటే అది ఇన్ఫెక్షన్ వల్ల కరగడం. ఆలస్యం చేయకుండా కెనాల్ తెరవండి. ఎక్స్‌రే ప్రతిసారీ ఒకే కోణంలో తీయకపోతే ఈ పోలికలేవీ నిలబడవు.

కార్డులో ట్యూబు రకం, ఆర్‌పీఎం, బయట ఉన్న నిమిషాలు, పీఆర్ఎఫ్ ఎక్కడ పెట్టారో రాసి ఉంచండి. మూడేళ్ళ తర్వాత పన్ను బాగుంటే అది పీఆర్ఎఫ్ వల్లా, బయట ఎనిమిది నిమిషాలే ఉండటం వల్లా అన్నది ఆ కార్డు చూస్తేనే కొంతైనా అర్థమవుతుంది.

ఎదిగే పిల్లల్లో అతుక్కుపోయిన పన్ను పక్క పళ్ళతో పాటు కిందికి రాదు. ఒక మి.మీ. కన్నా ఎక్కువ తేడా కనిపిస్తే క్రౌన్ కోసి వేరును ఎముకలోనే వదిలేసే డీకోరొనేషన్ గురించి ఆలోచించాలి. ఈ సంగతి పన్ను తిరిగి పెట్టిన మొదటి రోజే తల్లిదండ్రులకు చెప్పి, కేసు షీటు మీద చెప్పినట్టు రాసుకోండి.